సంతలో ట్యాంకుల బల్ల

ట్యాంకును నేను కళ్లతో చూసింది లేదు. అయినా దాదాపు ఏడాది పాటు ప్రతి శనివారం ట్యాంకుల యుద్ధం నడిపించాను. బస్తరు సంస్థానంలో, శబరి ఒడ్డున, సంత జరిగే ఒక ఊళ్లో. ఇప్పుడు ఆ మాట చెబితే మనవలు పడీపడీ నవ్వుతారు. నవ్వనీ. నాకు మాత్రం ఆ ఏడాది తలుచుకుంటే నవ్వు రాదు, ఒళ్లంతా అలసట కమ్ముతుంది. వయసు మీద పడి వచ్చిన అలసట కాదిది. అప్పుడే పట్టుకుంది, మళ్లీ వదల్లేదు.

అప్పట్లో నేను ఆ ఊరి బడిపంతుల్ని. పంతులంటే పాఠాలు చెప్పేవాడని మీరనుకుంటారు. పాఠాలు చెప్పడం అందులో తేలికైన భాగం. బడి అరుగు మీదే టపా కచేరీ, దానికి పోస్టుమాస్టర్ని నేనే. టపా సంచి మోసుకుని హర్కారా వారానికి రెండుసార్లు వచ్చేవాడు. వచ్చిన ఉత్తరం విప్పి చదివి వినిపించేది నేను, జవాబు రాసిపెట్టేది నేను. టీకాలవాళ్లు వస్తే దుబాసీ పని నాదే, పెద్ద అధికారులు వేటకు వస్తే వాళ్లకు మంచాలు వెతికే పనీ నాదే. ఊళ్లో పనీపాటా లేనివాడు పంతులొక్కడేనని తహసీల్ కచేరీలో అందరికీ గట్టి నమ్మకం.

యుద్ధం ఎక్కడో జరుగుతోంది. మాకు దాని జాడ తెలిసింది ఉప్పు దొరక్కపోవడంతోనూ, కిరసనాయిలు కనబడకుండా పోవడంతోనూ. అలాంటి రోజుల్లో పైనుంచి ఒక హుకుం వచ్చింది. యుద్ధమంటే ఏమిటో జనానికి అర్థమయ్యేలా ప్రతి సంతలో ఏదో ఒక ప్రదర్శన పెట్టాలట. మిగతా ఊళ్లలో గోడకు నాలుగు బొమ్మలు అంటించి చేతులు దులుపుకున్నారు. మా తహసీల్దారు అంతటితో ఊరుకునే మనిషి కాడు. జగదల్‌పూర్‌లో ఎవరో అధికారి ఇంట్లో బల్ల మీద ఇసుక పోసి, చిన్న చిన్న ట్యాంకు బొమ్మలు పెట్టి, పాచికలు వేస్తూ యుద్ధం ఆడటం చూసొచ్చాడు. ఆ ఆట మన సంతలోనూ ఉండాలన్నాడు.

"బిల్‌కుల్ ఆసాన్ హోనా చాహియే, మాస్టర్‌జీ," అన్నాడు. ఆట మరీ తేలికగా ఉండాలట, బొత్తిగా ఏమీ తెలియనివాడు కూడా నిలబడ్డచోటే నేర్చుకుని ఆడేయాలట. నియమాలేమిటని అడిగితే ఆయనకు ఒక్కటీ గుర్తులేదు. మీరు చదువుకున్నవారు కదా, చూసుకోండి అని గుర్రమెక్కి వెళ్లిపోయాడు. చదువుకున్నందుకు నాకు పడిన శిక్షల్లో ఇదొకటి.

బడి వెనక ఊడిపోయిన తలుపు ఒకటి ఉండేది. దాన్ని రెండు బెంచీల మీద పరిచి, అంచులకు వెదురు బద్దలు కట్టి, శబరి ఇసుక పోయించాను. పుట్టమన్నుతో గుట్టలు పెట్టాను. చింత రెమ్మలు గుచ్చితే అడవి అయింది. కలప డిపో దగ్గర వడ్రంగిని బతిమాలి టేకు ముక్కలతో పన్నెండు ట్యాంకులు చేయించాను. అతనూ నాలాగే ట్యాంకు మొహం ఎరగడు. పాత పత్రికలో మసకబారిన బొమ్మ ఒకటి చూపిస్తే చేసిపెట్టాడు. తీరా చూస్తే తాబేలుకు పొగగొట్టం తగిలించినట్టుంది. ఆరింటికి జాజు పూశాను, ఆరింటికి సున్నం. ఎర్రవి సర్కారువి, తెల్లవి శత్రువువి.

పాచికల సంగతి మాత్రం నేనే ఆలోచించాను. మా ఇళ్లలో అష్టాచెమ్మా ఆడేటప్పుడు వాడే చింతగింజలే, ఒక పక్క బండ మీద అరగదీసి తెల్లగా చేసినవి, నాలుగు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ట్యాంకు. తన వంతు వచ్చినప్పుడు పుల్ల పొడుగు జరపాలి. మొదట జానెడు అన్నాను గాని, ఒకడి జాన మరొకడి మూరంత ఉండి తగువులు వచ్చాయి, అందుకని పుల్ల. శత్రువు రెండు పుల్లల దూరంలోకి వస్తే కాల్చవచ్చు. నాలుగు గింజలు వేస్తే మూడు తెల్లగా పడాలి. పడితే ఎదుటి ట్యాంకు కాలినట్టు. అంతే. ఇంతకన్నా తేలిక చెయ్యడం నా వల్ల కాలేదు.

మొదటి శనివారం ఒక్కడూ రాలేదు. రెండో శనివారం తహసీల్ నుంచి ఉప్పు బస్తా వచ్చింది. ఆడినవాడికి దోసెడు ఉప్పు అని ఊరి కావలి కోత్వాల్ డప్పు వేశాడు. ఇంకేం, చింతలనార్ వైపు నుంచి తేనె తెచ్చినవాళ్లు, బాసగూడ దారిన చింతపండు మోసుకొచ్చినవాళ్లు, కావిళ్లు దించి మరీ వరసకట్టారు. నేను నియమాలు తెలుగులో చెప్పి, హిందీలో చెప్పి, వచ్చీరాని దోర్లీలో చెప్పి, హల్బీ మాట్లాడేవాళ్లకు చేతులతో చెప్పి, గొంతు తడారిపోయి కూర్చునేసరికి ఆట మొదలవ్వాలి. అవ్వలేదు. పన్నెండు మందీ ట్యాంకుల్ని గుట్టల చాటున, చింత రెమ్మల చాటున పెట్టి కూర్చున్నారు. వంతు వచ్చినా జరపరు. ఎంతసేపు చూసినా అంతే.

"ఏందయ్యా, కదలరేం?" అని అరిచాను.

ఒక ముసలి వేటగాడు జాలిగా చూశాడు నన్ను. "వేటల తోలేటోళ్లు వేరే, కాపు కూసునేటోళ్లు వేరే పంతులూ. ఈడ అందరం కాపు కూసున్నం. నువ్వు తోలేటోళ్లను పెట్టలే. ఇగ జంతువెట్లొస్తది?"

అతని మాటలో తప్పేముంది? వాళ్ల అడవుల్లో వేటంటే సగం ఊరు డప్పులతో తోలుకొస్తుంది, సగం ఊరు విల్లు ఎక్కుపెట్టి కాచుకుంటుంది. ఎదురెదురుగా ఇద్దరూ కాచుకు కూర్చునే వేట వాళ్లకు తెలియదు. చివరికి నేనే బడి గంట పట్టుకుని తోలేవాణ్ణయ్యాను. గంట కొడితే కదలాల్సిందే, కదలనివాడికి ఉప్పు లేదు. మండుటెండలో గంట వాయిస్తూ బల్ల చుట్టూ తిరిగాను. చూసినవాళ్లు పంతులికి పూనకం వచ్చిందనుకుని ఉంటారు.

అలా ఆట నడిచింది. సర్కారు ట్యాంకులే గెలవాలని తహసీల్దారు కోరిక. చింతగింజలకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? నాలుగు వారాల్లో మూడు వారాలు శత్రువే గెలిచాడు. ఆయన నన్ను పిలిచి చీవాట్లు పెట్టాడు, నేను విని వచ్చాను. వినడం అలవాటైన పని.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇన్నేళ్లూ దాటవేస్తూ వచ్చింది దీన్నే.

ఊరికి రెండు కోసుల దూరంలో ఒక చిన్న పల్లె. అక్కడి రైతు ఒకడు మూడో నాలుగో వారం నుంచి ఆటకు రావడం మొదలుపెట్టాడు. నలభై ఏళ్లుంటాయి. కాస్తంత వరి, కాస్త జొన్న, ఎండాకాలం ఇప్పపువ్వు, మనిషి నెమ్మదస్తుడు. అతన్ని నేను అంతకుముందే ఎరుగుదును, అతని తమ్ముడి ఉత్తరాలు చదివి వినిపించింది నేనే కాబట్టి. ఆ తమ్ముడు భద్రాచలం వైపు వెళ్లి లారీ మీద క్లీనరుగా చేరి, డ్రైవింగు నేర్చి, అటునుంచటే పట్టాళంలో చేరిపోయాడు. పెళ్లయి ఏడాది కూడా కాలేదు అప్పటికి. ఆఖరి ఉత్తరంలో తనను లారీల నుంచి ట్యాంకులకు మార్చారని రాశాడు. లోపల ఉడికిపోతుంది గాని దాని ముందు ఏదీ నిలవదు వదినా, అని అన్న భార్యకు ప్రత్యేకం ఒక ముక్క రాశాడు. తన భార్యకు రాయడానికి సిగ్గుపడ్డాడు కాబోలు. ఆ తరవాత రెండు వానాకాలాలు గడిచాయి. ఇంకో ఉత్తరం రాలేదు.

మనిషి ఉన్నాడో లేడో తెలియని ఇల్లు ఎలా ఉంటుందో నేను చూశాను. దినాలు చెయ్యలేరు. దినాలు కాకుండా ఆ పిల్లకు మారుమనువు లేదు. పుట్టింటివాళ్లు రెండుసార్లు వచ్చి, ఇంకెన్నాళ్లు కూర్చోబెడతారు, మేం వేరే సంబంధం చూశాం, పంపించండి అన్నారు. ఆ పిల్ల పోనంది. ఉన్నాడని తెలిస్తే ముసలిదాన్నయ్యేదాకా ఉంటా, లేడని తెలిస్తే పోతా, తెలియకుండా మాత్రం గడప దాటనంది. మామిళ్లు అయ్యేదాకా చూస్తాం, ఆపైన మాకూ మీకూ సంబంధం లేదని చెప్పి వెళ్లారు వాళ్లు. ఇదంతా ఉత్తరం వచ్చిందా అని అడగడానికి వచ్చినప్పుడు ఆ రైతు చెప్పిందే.

అతను ఆడిన మొదటి రోజే అతని ట్యాంకు కాలింది. నేను దాన్ని తీసి పక్కన పెట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"లోపలోల్లు ఏమైతరు పంతులూ?"

"ఏ లోపల?"

"బండి కాలింది సరే. లోపల మనుసులుంటరు గద. ఆల్లేమైతరు?"

నెత్తిన ఎండ, వెనక వరసలో ఉప్పు కోసం తోపులాట. ఆ క్షణాన ఇతన్ని వదిలించుకోవడం తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు. నోటికొచ్చింది చెప్పాను. "లోపల నలుగురుంటారు. మళ్లీ గింజలు వెయ్యి. ఎన్ని తెల్లగా పడితే అంతమంది బయటికొచ్చినట్టు."

"నాలుగూ నల్లగ పడితే?"

"ఎవరూ రానట్టు."

"నాలుగూ తెల్లగ పడితే?"

"అందరూ వచ్చినట్టు. వెయ్యి, వెయ్యి, అవతల జనం ఉన్నారు."

వేశాడు. రెండు పడ్డాయి. తలూపి, ఉప్పు దోసిట పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ నియమం అలా పుట్టింది. చూసేవాళ్లకు అది తెగ నచ్చేసింది. ఎవరి ట్యాంకు కాలినా ఇక లోపలివాళ్ల కోసం గింజలు వెయ్యాల్సిందే. ఒక్కడు బయటపడ్డా సంత సంతంతా కేక పెట్టేది, శత్రువు ట్యాంకైనా సరే.

ఆ రైతు ప్రతి శనివారం వచ్చేవాడు. వంతు రాగానే తన ట్యాంకును గుట్ట చాటు నుంచి తీసి, తిన్నగా శత్రువుల మధ్యకు తోలేవాడు. ఎక్కడా ఆగడు, ఎవరినీ కాల్చడు. చూస్తూ చూస్తూ చావుకు పోవడమే. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఇంత తేలిక చేసి పెట్టినా, ఇన్ని వారాలు చెప్పినా, ఒక్క ముక్క బుర్రకెక్కదేమని కసిరేవాణ్ణి. అతను మాత్రం ట్యాంకు కాలగానే లేచి వెళ్లి, రేవులో చేతులు కడుక్కుని వచ్చి, లోపలివాళ్ల కోసం గింజలు వేసేవాడు. ఒకటి. మూడు. రెండు. మళ్లీ రెండు. చేతులెందుకు కడుక్కుంటున్నాడని నాకు అనుమానం రావాలి. రాలేదు. ఒక మనిషి తెలివితక్కువవాడని ఒకసారి నిర్ణయించుకున్నాక ఇక అతని వంక చూడటం మానేస్తాం.

ఒక వారం అతని మరదలు, అంటే ఆ సిపాయి భార్య, ఇప్పపువ్వు బుట్టతో సంతకు వచ్చింది. ఆట అయిపోయి ఇసుక ఎత్తుతుంటే నా దగ్గరకు వచ్చి నిలబడింది.

"మా బావ బండి ఇయ్యాల కాలిందా పంతులూ?"

"కాలకేం, వారం వారం కాలుతుంది. మీ బావకు ఆట రాదమ్మా."

"ఎన్ని తెల్లయి?"

"రెండు."

ఆ పిల్ల మొహం వాడిపోయింది. "మల్ల రెండేనా," అంది. "ఆ ఇద్దర్ల ఉన్నడో లేడో ఎట్ల తెలుస్తది?"

అప్పుడు అర్థమైంది నాకు. చేతిలో ఇసుక చేట అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

ఆ పల్లెల్లో ఏదైనా తెలియకపోతే వడ్డె దగ్గరకు వెళతారు. వడ్డె అంటే వాళ్ల దేవరకు పూజ చేసేవాడు. అతను ప్రశ్న అడిగి, చేటలో బియ్యపు గింజలు వేసి జతలు చూస్తాడు. జతలుగా సరిపోతే ఒక జవాబు, ఒకటి మిగిలితే ఇంకొక జవాబు. అడగడానికి వచ్చినవాడు ముందు స్నానం చెయ్యాలి, పొద్దుటినుంచి ఏమీ తినకూడదు. ఆ రైతు పదమూడు వారాలుగానో పద్నాలుగు వారాలుగానో నా బల్ల దగ్గర చేస్తున్నది అదే. ట్యాంకు కాలితే తప్ప అడగడానికి వీల్లేదు కాబట్టి దాన్ని కాల్చుకోవడానికే తోలుకెళుతున్నాడు. అందరికన్నా శ్రద్ధగా ఆడుతున్నవాడు అతనే.

నాలుగు రోజులకు అతను టపా కోసం వచ్చినప్పుడు కూర్చోబెట్టి చెప్పాను. ఇది ఆట, పిల్లలు ఆడే అష్టాచెమ్మా లాంటిది, దీనికి ఏమీ తెలియదు అన్నాను.

"వడ్డె రెండు మాట్ల సూసిండు పంతులూ," అన్నాడతను. "ఒకమాటు ఉన్నడన్నడు, ఒకమాటు లేడన్నడు. ఆయన తప్పు గాదు. ఆయన గింజలకు మన అడవి తెలుసు, మన దేవర్లు తెలుసు. ఆ దేశం ఏం తెలుసు? నీ గింజలకు యుద్ధం తెలుసు. సర్కారు పంపినయి గద."

"సర్కారు పంపలేదయ్యా. చింతగింజలు, మా ఇంట్లోవే."

"లోపలోల్లకు గింజలెయ్యాలన్న నియమం నువ్వే సెప్పినవు. నీకు సర్కారు సెప్పకుంట నువ్వు సెప్తవా?"

ఆ నియమం నిన్ను వదిలించుకోవడానికి నేను అప్పటికప్పుడు అల్లింది అని చెప్పాలి. ఆ ఒక్క మాట చెబితే ఈ కథ అక్కడితో అయిపోయేది. చెప్పలేదు. సిగ్గేసింది. చదువుకున్నవాడు ఎండకు విసిగి నోటికొచ్చింది వాగితే, అది నమ్మి ఒక మనిషి మూడు నెలలు శనివారం శనివారం పస్తులుండి వచ్చాడంటే ఏ మొహంతో చెప్పను? వచ్చే శనివారం ఆ నియమం తీసేద్దాం, గొడవ వదిలిపోతుంది అనుకున్నాను. వచ్చే శనివారం తలనొప్పి. ఆ పై శనివారం తీసేస్తానంటే జనం ఒప్పుకోలేదు. ఆ పైన నేనే ఊరుకున్నాను. నా జీవితంలో పాడైన పనులన్నీ ఇలా రేపటికి నెట్టడం వల్ల పాడైనవే.

మామిళ్లు పండుకొస్తున్న రోజులు. ఒక శనివారం పొద్దున హర్కారా టపా సంచి దించాడు. అందులో పొడుగాటి కవరు ఒకటి, ఆ రైతు పేరున, పట్టాళం ముద్రతో. ఎవరి ఉత్తరమైనా వాళ్లెదురుగా తప్ప విప్పను. ఆ రోజు విప్పాను. మిషను మీద కొట్టిన ఇంగ్లీషు, నాలుగే పంక్తులు. అతని తమ్ముడు నడుపుతున్న ట్యాంకు మంటల్లో కాలిపోయిందని, అతను మరణించినట్టు ఇప్పుడు ధ్రువపడిందని, విచారిస్తున్నామని. కాలిపోయి ఏడాది దాటింది. అంటే మా బల్ల మీద ఇసుక పోయకముందే.

కవరు మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాను. అతను రాగానే పక్కకు తీసుకెళ్లి చెబుదామనుకున్నాను, ఒట్టు. అతను వచ్చేసరికి తహసీల్దారు కూడా వచ్చాడు. జగదల్‌పూర్ నుంచి ఒక పెద్ద అధికారిని వెంటబెట్టుకుని, మా ఆట చూపించడానికి. కుర్చీలు వేయించాలి, నీళ్లు తెప్పించాలి, నియమాలు హిందీలో మళ్లీ వివరించాలి. గంట నా చేతికిచ్చారు. కొట్టాను.

రైతు తన ట్యాంకును ఎప్పటిలాగే నడిమధ్యకు తోలాడు. కాలింది. వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాడు. నేను గింజలు అతని చేతిలో పెట్టలేక బల్ల మీద పెట్టాను. తీసుకుని కళ్లు మూసుకుని వేశాడు.

నాలుగూ తెల్లగా పడ్డాయి.

సంతంతా కేక పెట్టింది. ఆ పెద్ద అధికారి చప్పట్లు కొట్టాడు, తహసీల్దారు మొహం వెలిగిపోయింది. రైతు మాత్రం చాలాసేపు గింజల వంకే చూశాడు. తరవాత బల్ల చుట్టూ తిరిగి వచ్చి, అందరి ఎదుట వంగి నా కాళ్లు పట్టుకున్నాడు. లేవనెత్తబోతే జేబులో కవరు చప్పుడైంది. ఇప్పుడు చెప్పు అని నా మనసు అరిచింది. ఇంతమందిలో ఎలా చెప్పను అనుకున్నాను. ఇంతమందీ వెళ్లిపోయేసరికి అతనూ వెళ్లిపోయాడు. ఆ రోజు ఉప్పు కూడా తీసుకోలేదు.

మర్నాడు పొద్దున్నే కబురు వచ్చింది, మధ్యాహ్నం భోజనానికి రమ్మని. దేవరకు మొక్కు తీర్చారట, మేకను కోశారట, పంతులు రాకపోతే ఎవరూ ముద్ద ముట్టరట. అక్కడే చెప్పేద్దామని కవరు జేబులోనే పెట్టుకుని రెండు కోసులు నడిచాను. దారిలో ఎన్నిరకాలుగా మొదలుపెట్టాలో అన్నీ వల్లించుకున్నాను. పల్లె మొదట్లోనే నలుగురైదుగురు మనుషులు విసవిసా ఎదురొచ్చారు. నా వంక చూడనైనా లేదు. ఆ పిల్ల పుట్టింటివాళ్లూ, వాళ్లు చూసిన సంబంధం వాళ్లూ అని తరవాత తెలిసింది. నా మొగుడు బతికే ఉన్నాడు, ఇంకోసారి నా గడప తొక్కొద్దని ఆ పిల్లే వాళ్లను పొమ్మందట.

నన్ను మంచం మీద కూర్చోబెట్టారు. విస్తరాకు వేశారు. ఆ ఇంట్లో రెండేళ్లుగా వినపడని నవ్వులు. ఆ పిల్ల అన్నం వడ్డిస్తూ చేతులు ముందుకు చాపింది. కొత్త గాజులు, ఆకుపచ్చవి.

"ఎట్లున్నయి పంతులూ?"

"బాగున్నాయమ్మా," అన్నాను.

అని, తిన్నాను. ఆకలి కూడా వేసింది. ఆ సంగతి రాయకుండా ఉండొచ్చు గాని రాస్తున్నాను. రెండోసారి కూర కూడా వేయించుకున్నాను. చావుకబురు తెలిసిన ఇంట్లో పొయ్యి రాజేయరు. ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, పొయ్యి రాజేయించింది నేనే.

సోమవారం బడికి సెలవిచ్చి మళ్లీ నడిచాను. ఇక అప్పుడు ఏ మాటలూ వల్లించుకోలేదు. రైతు పెరట్లో కంచె కడుతున్నాడు. కవరు చేతిలో పెట్టి, కూర్చోమని, చదివి అర్థం చెప్పాను. పక్కనే ఉండి విన్న అతని భార్య లోపలికి వెళ్లి పొయ్యి ఆర్పేసింది. అతను ఏడవలేదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎన్నడొచ్చింది?"

"శనివారం."

"పొద్దుగాలనా, మాపటికా?"

"పొద్దున."

మెల్లగా లెక్క చూసుకున్నాడు. "నేను గింజలేసేటప్పటికి నీ తానే ఉన్నది."

"ఉంది."

"మరి నేను నీ కాళ్లు మొక్కుతుంటే ఊకున్నవేంది పంతులూ?"

 ఆ నియమం నేను కల్పించిందేనని, ఎవరూ పంపలేదని, అప్పుడు చెప్పాను. ఆ రోజు టపా కోసం వచ్చినప్పుడే చెప్పాల్సిన మాట. అతను విన్నాడో లేదో తెలియదు.

ఆ పిల్ల గుడిసె గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చి నిలబడిందో, అంతా విన్నది. ఏడుస్తుందనుకున్నాను, నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నిన్న మా అమ్మోల్లను ఎల్లగొట్టిన," అంది. "ఆల్లు ఇగ రారు."

"నేను వెళ్లి చెబుతానమ్మా," అన్నాను. "ఇప్పుడే వెళతాను. తప్పు నాదని చెబుతాను. జరిగిందంతా చెబుతాను."

ఆ పిల్ల దగ్గరకు వచ్చి, బావ చేతిలోంచి కాగితం తీసుకుంది. జాగ్రత్తగా మడిచి కొంగున కట్టుకుంది.

"నువ్వు సెప్పకు," అంది. "ఈ కాగితం ఇంకెవలితోనన్న సదివించుకుంట. గప్పుడు నమ్ముత."

 ఆ చుట్టుపక్కల నాలుగు కోసుల్లో కాగితం చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.